గింజ పండించిన ఇంట



పశ్చిమ గోదావరి ప్రాంతంలో కొబ్బరి తోటల నీడన కోకోను అంతర పంటగా వేసిన ఒక కుటుంబాన్ని ఇటీవల మేము దర్శించాము. పట్నంలో చదువుకొనుచున్న మనవడు తెచ్చిన నల్ల చాక్లెట్‌ను ఇంటివారు మా ముందు పెట్టారు. దాని కాగితంపై 85 శాతం అని ఉన్నది. మామ్మగారు ఒక ముక్క నోట వేసికొని గబగబ నమిలి, "ఇదేం చాక్లెట్ అయ్యగారూ! వేపాకు నమిలినట్టుంది" అని మొగము చిట్లించారు. ఎన్నో ఏండ్లుగా కోకో గింజలు అమ్ముచున్న ఆ ఇంట, వాటి అసలు రుచి ఎవరికీ తెలియదు! ఆ సంగతి మమ్మును ఆలోచింపజేసింది.

85 శాతం అనగా ఏమి? నూరు గ్రాముల చాక్లెట్‌లో 85 గ్రాములు, కోకో వెన్నతో కలిపి, గింజనుండి వచ్చినదే. మిగిలినదానిలో అధికభాగము పంచదార. పాల చాక్లెట్‌లోనైతే పాలు, పంచదార గింజ రుచిని కప్పివేస్తాయి. కాయ పగులగొట్టి, గింజలను గుజ్జుతోనే కొన్ని దినములు పులియబెట్టి, ఎండబెట్టుటలోనే చాక్లెట్ రుచికి పునాది పడుచున్నది. అంటే సగము పని మన రైతు చేతిలోనే జరుగుచున్నదన్న మాట.

ఈ చాక్లెట్‌ను నమలకూడదు. గోరంత ముక్కను నాలుకపై ఉంచి ఓర్చుకొనవలెను. కోకో వెన్న సుమారు 34 డిగ్రీల వేడికే కరుగును గనుక నోటి వేడి చాలును. సగము కరిగిన పిమ్మట ఒక ఖర్జూరపు ముక్క కలిపి నమలండి. దాని బెల్లమువంటి తీపి చేదును మెత్తపరచును. ఎండుద్రాక్షలోని కొంచెము పులుపు చాక్లెట్ పులుపుతో జత కలియును. ఎండిన అంజూరమైతే చిన్న గింజలు పంటి క్రింద చిటపటలాడును.

ఒక హెచ్చరిక. ఎండుద్రాక్షలోను ఖర్జూరములోను సగానికి మించి చక్కెరయే. షుగరు వ్యాధి గలవారు చాక్లెట్ చేదుగా ఉన్నదని ధైర్యపడి పండ్లు గుప్పెడు తినరాదు. చాక్లెట్‌లో కొంత కెఫీన్ కూడ ఉన్నది గనుక పసిపిల్లలకు రాత్రివేళ పెట్టకండి.

మామ్మగారు ఈసారి ఖర్జూరముతో నిదానముగా చప్పరించారు. "ఇప్పుడు బాగుందండీ" అని, మిగిలినదానిని ముక్కలు చేయించి, తోటలో కాయలు కోయుచున్న కూలీలకు పంపించారు. "నాకంటే ముందు వాళ్లే కదండీ తినాల్సింది" అన్నారు.

ఆ మాటకు మేము ఏమియు చేర్చలేకపోయాము.