పని మానిన ముప్పై ఏళ్ళకు బయటపడే జబ్బు
రాతినార కార్మికులకు చట్టం అండ ఉన్నా, రుజువు చూపేదెలా?

దామరచర్ల : పనిలో ఉన్నంతకాలం జాడ తెలియని జబ్బు ఒకటి ఉన్నది. పని మానిన ఇరవై, ముప్పై, ఒక్కొక్కప్పుడు నలభై ఏళ్ళకు అది బయటపడుతుంది. అప్పటికి పని చేయించిన కంపెనీ చేతులు మారి ఉండవచ్చు. కాంట్రాక్టరు ఎక్కడ ఉన్నదీ తెలియకపోవచ్చు. హాజరు పుస్తకం చెదల పాలై ఉండవచ్చు. ఆ జబ్బు పేరు మెసోథెలియోమా. ఊపిరితిత్తులను, కొందరిలో కడుపును కప్పివుండే పలుచని పొరకు వచ్చే క్యాన్సర్ ఇది. దీనికి ముఖ్యకారణం రాతినార, అనగా ఆస్బెస్టాస్ దుమ్ము.

మన ప్రాంతానికి దీనితో ఏమి పని అని పాఠకులు అడగవచ్చు. కృష్ణా, మూసీ నదులు కలిసే వాడపల్లి నుండి మిర్యాలగూడ వరకు గల ప్రాంతం నేడు పొలాలకు ఎంత పేరు పొందినదో పొగగొట్టాలకూ అంత పేరు పొందినది. విష్ణుపురం, వాడపల్లిలలో సిమెంటు కర్మాగారాలు, మిర్యాలగూడ చుట్టూ ఉప్పుడు బియ్యం మిల్లులు, వీర్లపాలెం వద్ద 4,000 మెగావాట్ల యాదాద్రి విద్యుత్కేంద్రం వెలిశాయి. అటు సూర్యాపేట జిల్లాలో మఠంపల్లి, మేళ్ళచెర్వు సిమెంటు కర్మాగారాలు ఉన్నాయి. ఈ సంస్థలలో రాతినార ఉన్నదని ఆరోపించడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. సున్నపురాయి దుమ్ము, సిమెంటు దుమ్ము వేరు, రాతినార దుమ్ము వేరు. కాని పాత బాయిలర్ల చుట్టూ వేడి పోకుండా కట్టే చుట్టలోను, బాయిలర్ తలుపు సందులో పెట్టే తాడులోను, లారీల పాత బ్రేకు లైనింగులలోను రాతినార వాడడం దేశమంతటా ఎన్నో ఏళ్ళు సాగింది. ఇక మన ఇండ్లపై, కొట్టాలపై, మిల్లు షెడ్లపై కనిపించే సిమెంటు రేకులలో సుమారు పదోవంతు వరకు ఉండేది ఈ నారే. ఊరి నీటి పథకాలలో ఏళ్ళ తరబడి వేసిన ఏ.సి. పైపు అంటే ఆస్బెస్టాస్ సిమెంటు పైపే. ఆ పైపులు కోసిన ఫిట్టర్లు, ఆ రేకులు కోసి బిగించిన మేస్త్రీలు మన పల్లెలలోను, తండాలలోను లేరని ఎవరూ అనలేరు.

తెలుగునేలపై రాతినార

రాతినార భూమిలో దొరికే ఖనిజమే. మన తెలుగుగడ్డపైనే, కడప జిల్లా పులివెందుల ప్రాంతంలోని బ్రాహ్మణపల్లె వద్ద తెల్లరకం రాతినార గనులు ఉన్నాయి. రాయిని పగులగొట్టి నారను వేరుచేయడం అక్కడి పని. ఈ ఖనిజం ప్రమాదాన్ని గుర్తించి 1986లో కొత్త గనుల లీజులను, 1993లో పాత లీజుల పొడిగింపును కేంద్రం నిలిపివేసింది. హైదరాబాదులో 1946లోనే ఆస్బెస్టాస్ సిమెంటు కంపెనీ ఏర్పడింది. సనత్‌నగర్‌లో తయారైన చార్మినార్ రేకు తెలంగాణ పల్లెలన్నింటికీ చేరింది. గడ్డికప్పు ఏటేటా మార్చుకోలేని పేదవానికి అది వరమే అయింది. అగ్గికి అంటుకోదు, చెద పట్టదు, చౌకగా దొరుకుతుంది.

గనుల లీజులు ఆగినా వాడకం ఆగలేదు. రష్యా, కజకిస్తాన్, బ్రెజిల్ వంటి దేశాల నుండి ఏటా లక్షల టన్నుల రాతినార మన దేశానికి దిగుమతి అవుతున్నది. బ్రిటన్ 1999లో, ఐరోపా సమాజ దేశాలు 2005 నాటికి దీనిని నిషేధించాయి. మిగిలివున్న తెల్లరకాన్ని కూడా నిషేధిస్తూ అమెరికా 2024 మార్చిలో ఉత్తర్వు ప్రకటించింది. అన్ని రకాల రాతినార క్యాన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెబుతున్నది. తన భూమిలోనిది తవ్వరాదని నిర్ణయించుకున్న దేశం పరాయి దేశాలు తవ్వినదాన్ని కొని వాడుకోవడం ఆలోచింపదగిన విషయం.

ఈ సంగతి నిన్న మొన్న తెలిసినదేమీ కాదు. 1960లో దక్షిణాఫ్రికాలో వాగ్నర్ అనే వైద్యుడు, ఆయన సహచరులు 33 మంది మెసోథెలియోమా రోగుల వివరాలు ప్రకటించారు. వారిలో పలువురు గనిలో దిగినవారు కారు, గనుల చుట్టుపక్కల నివసించినవారు. పని బట్టలు ఇంట్లో దులిపి ఉతికిన భార్యలకు సైతం ఈ జబ్బు వచ్చినట్లు పలు దేశాల్లో తేలింది.

క్షయగా పొరబడే ప్రమాదం

ఈ జబ్బు లక్షణాలు ఆయాసం, ఒక ప్రక్క ఛాతి నొప్పి, బరువు తగ్గడం, ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరడం. మన దేశంలో ఛాతిలో నీరు చేరిందనగానే మొదట క్షయ గుర్తుకు రావడం సహజం, ఎక్కువమందిలో అది క్షయే అవుతుంది కూడా. కాని మందులు వాడినా నీరు మళ్ళీ మళ్ళీ చేరుతుంటే, రోగి ఒకనాడు రేకుల కర్మాగారంలోనో, బాయిలర్ వద్దనో, గనిలోనో పనిచేసినవాడైతే, ముక్క తీసి పరీక్ష చేయించడం అవసరం. అందుకు వైద్యుడు "పూర్వం ఏమి పని చేసేవాడివి?" అని అడగాలి. ఆయన అడగకపోయినా రోగి చెప్పాలి. వ్యాధి నిర్ణయానికి హైదరాబాదులోని ఎర్రగడ్డ ఛాతి ఆసుపత్రి, ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి, నిమ్స్ ఉన్నాయి. ఆరోగ్యశ్రీ పథకంలో క్యాన్సర్ చికిత్సలకు చోటు ఉన్నది.

దీనికి పూర్తి నయం కలిగించే మందు నేటికీ లేదు. జబ్బు పేరు తేల్చి ఏమి లాభం అని కుటుంబం వారు అనుకోవచ్చు. బాధ తగ్గించే చికిత్స సరియైన దారిలో సాగడం ఒక లాభం. రెండవది, చట్టం ఇచ్చే పరిహారానికి మొదటి మెట్టు ఈ వైద్య ధ్రువపత్రమే. క్షయ అని వ్రాసిన చీటీతో రాతినార పరిహారం ఎవరూ ఇవ్వరు.

సుప్రీంకోర్టు తీర్పు

రాతినార కార్మికుల పక్షాన 1986లో దాఖలైన ఒక పిటిషనుపై సుప్రీంకోర్టు 1995 జనవరి 27న తీర్పు చెప్పింది. ఆ తీర్పు వ్రాసిన న్యాయమూర్తి మన తెలుగువారైన జస్టిస్ కె. రామస్వామి. కార్మికుని ఆరోగ్యం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని కోర్టు ప్రకటించింది. ప్రతి కార్మికుని ఆరోగ్య రికార్డును పనిలో చేరిన నాటి నుండి 40 ఏళ్ళు, లేదా పని మానిన తర్వాత 15 ఏళ్ళు, ఏది ఎక్కువైతే అంతకాలం భద్రపరచాలని యాజమాన్యాలను ఆదేశించింది. రాతినార జబ్బు ఉన్నట్లు అహమ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ నిర్ధారించిన ఒక్కొక్క కార్మికునికి లక్ష రూపాయల పరిహారం ఇవ్వాలని కూడా చెప్పింది. 2011 జనవరిలో రాతినార నిషేధం కోరిన మరొక పిటిషనును కోర్టు కొట్టివేసినప్పటికీ, 1995 ఆదేశాలను అమలుపరచవలసిందేనని మరల స్పష్టం చేసింది.

ఆ 40 ఏళ్ళ లెక్క ఊరకే పెట్టినది కాదు. జబ్బు ఎంత ఆలస్యంగా వస్తుందో తెలిసి పెట్టినది. పెద్ద కర్మాగారంలో రిజిస్టరులో పేరున్న కార్మికునికి ఇది గొప్ప అండ. కాని రేకులు కోసిన మేస్త్రీ, పాత షెడ్డు కూల్చిన కూలీ, బాయిలర్ చుట్ట విప్పిన కాంట్రాక్టు కార్మికుడు ఏ రిజిస్టరులో ఉన్నారు? తీర్పు అమలు లోపమంతా ఇక్కడే ఉన్నది.

చట్టంలోని మెలిక

రాతినార వల్ల వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సరు, మెసోథెలియోమా 1923 నాటి కార్మిక పరిహార చట్టపు మూడవ షెడ్యూలులో వృత్తి వ్యాధులుగా ఉన్నాయి. ఆ చట్టాన్ని, 1948 నాటి ఇ.ఎస్.ఐ. చట్టాన్ని తనలో కలుపుకున్న 2020 సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చింది. చట్టం పేరు మారినా, వృత్తి వ్యాధిని పనిలో జరిగిన ప్రమాదంతో సమానంగా చూడాలన్న మూలసూత్రం మారలేదు.

అయితే ఒక మెలిక ఉన్నది. ఆరు నెలలకు తక్కువ కాకుండా ఒకే యజమాని వద్ద ఎడతెగక అటువంటి పని చేస్తూ, పనిలో ఉండగానే జబ్బు పడితే, అది ఆ పని వల్లనే వచ్చినట్లు చట్టం భావిస్తుంది. కాదని రుజువు చేయవలసిన భారం యజమానిది. పని మానిన తర్వాత జబ్బు వస్తే అది ఆ పని వల్లనే వచ్చిందని రుజువు చేయవలసిన భారం కార్మికునిపై పడుతుంది. మెసోథెలియోమా దాదాపు ఎల్లప్పుడూ పని మానిన తర్వాతనే వస్తుంది. అంటే చట్టం సులువు చేసిన దారి ఈ రోగికి అందదు, కష్టమైన దారి ఒకటే మిగులుతుంది. ముప్పై ఏళ్ళనాటి పనికి రుజువు చూపమంటే కూలివాడు ఏమి చూపగలడు?

నల్లగొండ జిల్లా ప్రజలకు ఇటువంటి అనుభవం కొత్త కాదు. ఫ్లోరైడు నీళ్ళు తాగిననాడే ఎవరి ఎముకా వంగలేదు. వంగిననాడు ఫలానా బావి నీళ్ళ వల్ల అని చెప్పడానికి ఊరంతా సాక్ష్యమై నిలిచింది. రాతినార విషయంలో ఊరు సాక్ష్యం చెప్పలేదు. ఒక్కొక్క కార్మికుడు ఒక్కొక్కచోట పనిచేశాడు. కనుక కాగితమే సాక్ష్యం.

భద్రపరచవలసిన కాగితాలు

రాతినార వద్ద పనిచేసిన ప్రతి ఒక్కరూ, నేడు ఆరోగ్యంగా ఉన్నవారు సైతం, జీతపు చీటీలు, గేటు పాసు, పి.ఎఫ్. నెంబరు, ఇ.ఎస్.ఐ. కార్డు, కంపెనీ ఇచ్చిన ఏ ఉత్తరమైనా పారవేయకుండా ఒక సంచిలో కట్టిపెట్టాలి. అవేవీ లేనివారు ఏ సంవత్సరం నుండి ఏ సంవత్సరం దాకా, ఎక్కడ, ఏ కాంట్రాక్టరు కింద, ఏ పని చేసినదీ వ్రాయించుకుని, తోటి కార్మికుల పేర్లు చేర్చి, వారి సంతకాలో వేలిముద్రలో వేయించుకోవడం మంచిది. కాంట్రాక్టరు కనిపించకపోయినా దిగులు అవసరం లేదు. ఎవరి వ్యాపారం నిమిత్తం పని జరిగిందో ఆ అసలు యజమాని నుండే పరిహారం కోరే వీలు చట్టంలో ఉన్నది.

ఇ.ఎస్.ఐ.లో చేరివున్నవారు అంగవైకల్య భృతిని, మరణించినవారి కుటుంబాలు ఆశ్రితుల భృతిని ఇ.ఎస్.ఐ. నుండి కోరాలి. ఇ.ఎస్.ఐ. లేనివారు కార్మికశాఖ అధికారులకు దరఖాస్తు చేయాలి. దీనికి గడువు ఉన్నది కాబట్టి జబ్బు నిర్ధారణ అయిన వెంటనే కదలాలి. ఖర్చుకు జంకనవసరం లేదు. 1987 నాటి న్యాయసేవల చట్టం కింద పారిశ్రామిక కార్మికులకు, స్త్రీలకు, షెడ్యూల్డు కులాలు, తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. నల్లగొండ జిల్లా న్యాయసేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు. 15100 నెంబరుకు ఫోను చేసినా దారి చూపుతారు.

మాజీ సైనికుల సంగతి

నౌకాదళంలో బాయిలర్, ఇంజను గదులలో పనిచేసినవారు, సైనిక వర్క్‌షాపులలో బ్రేకులు బాగుచేసినవారు కూడా ఈ దుమ్ముకు దగ్గరగా మెలిగినవారే. పాత యుద్ధనౌకలలో ఈ నార ఎంత ఉంటుందంటే, 2006లో విడగొట్టుటకై గుజరాత్‌లోని అలంగ్‌కు బయలుదేరిన క్లెమెన్సో నౌకను ఆ కారణంగా రేగిన వివాదం వల్ల ఫ్రాన్సు వెనక్కు పిలిపించుకున్నది. సర్వీసు కారణంగా వచ్చిన జబ్బు అని తేలితే వైకల్య పింఛనుకు నిబంధనలు ఉన్నాయి. మాజీ సైనికులు తమ డిశ్చార్జి పుస్తకంతో జిల్లా సైనిక సంక్షేమాధికారిని కలవాలి. అక్కడ పని కాకుంటే సాయుధ దళాల ట్రిబ్యునల్ ఉన్నది.

రేకు కింద ఉన్నవారు

ఇదంతా చదివి రేకుల ఇంట్లో ఉన్నవారు భయపడి రేకులు పీకి పారవేయరాదు. కదలకుండా పైన ఉన్న రేకు వల్ల ముప్పు తక్కువ. కోసినప్పుడు, రంధ్రం వేసినప్పుడు, పగులగొట్టినప్పుడు లేచే దుమ్ములోనే ప్రమాదం. కోయక తప్పనప్పుడు రేకును నీళ్ళతో బాగా తడపాలి, గ్రైండరు వాడరాదు, ముక్కుకు పలుచని గుడ్డ కట్టుకుంటే చాలదు, పిల్లలను దూరంగా ఉంచాలి. పగిలిన ముక్కలను బాటలో గుంటలు పూడ్చడానికి వేయరాదు. పని బట్టలను ఇంట్లో దులపరాదు.

ప్రభుత్వం చేయవలసినది కూడా ఉన్నది. పాత షెడ్లు కూల్చే పనులకు, పాత ఏ.సి. పైపులు తీసే పనులకు పిలిచే కూలీల పేర్లు వ్రాసి ఉంచాలని అధికారులు కాంట్రాక్టర్లను ఒత్తిడి చేయాలి. మిర్యాలగూడ, సూర్యాపేట, నల్లగొండ ప్రభుత్వాసుపత్రులలో ఆయాసంతో వచ్చే ప్రతి రోగి చీటీపై అతని పూర్వపు వృత్తి వ్రాయాలి. ఇందుకు నిధులు అక్కరలేదు, ఒక్క పంక్తి చోటు చాలు. ఆ పంక్తి లేనందువల్లనే ఎవరి జబ్బు ఎక్కడిదో తేలకుండా పోతున్నది. ముప్పై ఏళ్ళ తర్వాత నేటి కూలీ కుటుంబం పరిహారం కోసం వెళ్ళే నాటికి ఆ పంక్తి వ్రాసి ఉండాలంటే, వ్రాయడం నేడే మొదలుకావాలి.