త్రవ్వినవారి చీటీలు

సికింద్రాబాదు నుండి సాగర్ చూడవెళ్లేవారు లాంచీలో నాగార్జునకొండ మ్యూజియంకు వెళ్లి శిల్పాలు చూచి వస్తారు. వాటిని ఏ విధంగా వెలికితీశారో తెలుసుకొనుట ఇంకా మేలని మా తలంపు.

ఆనకట్ట వస్తే లోయ మునిగిపోతుందని, ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో 1954 నుండి 1960 వరకు అక్కడ త్రవ్వారు. ఇట్టి పని పలుగుతో కుళ్లగించుట కాదు. నేలను చదరాలుగా గుర్తించి, మధ్య గట్లు విడిచి, ఒక్కొక్క మట్టి పొరనే తీస్తారు. కుండపెంకు దొరికినా ఏ చదరం, ఏ పొర, ఎంత లోతు అని చీటీ వ్రాసి ఉంచుతారు. కొలబద్ద పక్కన పెట్టి ఫోటో తీస్తారు. 1944లో మన పురావస్తు శాఖకు అధిపతిగా వచ్చిన మార్టిమర్ వీలర్ దొర ఈ పద్ధతిని ఇక్కడ నేర్పాడు. ఆయన వద్ద పని నేర్చిన కాథ్లీన్ కెన్యన్ అమ్మగారు, మనము బైబిలులో చదివే యెరికోలో 1952-58 మధ్య ఇలాగే త్రవ్వించారు.

తీసిన పొరను మరల పరచలేము. నాణెం తన పొరలో ఉన్నప్పుడే పక్కనున్న గోడకు కాలం చెబుతుంది. చేతులు మారితే వట్టి రాగిముక్క. నాగార్జునకొండ లోయ నేడు నీటి క్రింద ఉన్నది, మరల వెళ్లి చూడలేము.

మీ బావిలోగాని పునాదిలోగాని పాత కుండ, నాణేలు కనబడితే కడిగి పంచుకోకండి. పని ఆపి, ఉన్నచోటనే ఉంచి, తహసీల్దారుకు తెలియజేయండి.