ప్రాణవాయువు పేర వర్తకము

నిమ్మనపల్లె ప్రాంతమున క్యాన్సరు సోకినవారికి కీమోథెరపీ యనగా తిరుపతికో, వేలూరికో, బెంగుళూరికో పోయి వచ్చుట. మందెక్కించు దినమున చెంత వైద్యులుందురు. తక్కిన దినములలో రోగి మన యూరనే, మన యింటనే యుండును. అప్పుడు ఆయాసము వచ్చినచో ఇంటివారు మొట్టమొదట వెదకునది ఆక్సిజను సిలిండరును. 2021 మే 10వ తేదీ రాత్రి తిరుపతి రుయా ఆస్పత్రిలో ప్రాణవాయువు సరఫరాకు అంతరాయము కలిగి 11 మంది మరణించిన సంగతిని చిత్తూరు సీమ ఎట్లు మరవగలదు? ఆ భయమును సొమ్ము చేసికొనువారు ఇప్పుడు బయలుదేరినారు.

వీరి వాదము వినుటకు ఇంపుగా నుండును. క్యాన్సరు కణము ప్రాణవాయువున్నచోట బ్రతుకజాలదట; కావున ఆక్సిజను పీల్చినచో, ఓజోను ఎక్కించుకొన్నచో, ‘ఆక్సిజను నీరు’ త్రాగినచో వ్యాధి నశించునట! సాక్ష్యమునకు 1931లో నోబెలు బహుమానము పొందిన జర్మను శాస్త్రజ్ఞుడు ఆటో వార్‌బుర్గును పిలుతురు. సాక్షి చెప్పినది వేరు, వీరు చెప్పించుచున్నది వేరు. క్యాన్సరు కణములు ప్రాణవాయువు సమృద్ధిగా నున్నను చక్కెరను పులియబెట్టు తీరుననే వాడుకొనునని ఆయన గమనించెను. దీనివలన, ప్రాణవాయువున్నను అవి బ్రతుకుచున్నవనియే కదా తేలుచున్నది! ఇట్టి సాక్షిని మా వృత్తిలో ఎదుటి పక్షమువారు సంతోషముతో స్వీకరింతురు.

అట్లని ఆక్సిజను నిరుపయోగమని మేమనుట లేదు. కీమోథెరపీ వలన తెల్ల రక్తకణములు తగ్గి న్యుమోనియా రావచ్చును. ఊపిరితిత్తుల చుట్టు నీరు చేరవచ్చును. రక్తములోని ఆక్సిజను పాలు ఆరోగ్యవంతునకు నూటికి 95కు తగ్గదు. అది 90కి దిగువకు జారినప్పుడు ఈ వాయువే ప్రాణరక్షకము. కాని అది ఊతకఱ్ఱ మాత్రమే. దాని చాటున న్యుమోనియాకు మందు, నీటికి చికిత్స జరిగి తీరవలయును. రక్తహీనత వలన కలిగిన ఆయాసమైనచో చాలవరకు రక్తమే ఎక్కింపవలసి యుండును. లారీలు లేనినాడు మదనపల్లె మండీలో టమాటా యెంత పేర్చినను ఊరు దాటదు గదా!

రక్తములో ఆక్సిజనుకు గొప్ప లోటు లేకయే ఆయాసపడువారును గలరు. ఆస్ట్రేలియా, అమెరికా, బ్రిటను దేశములలో, తీరని వ్యాధులతో బాధపడు ఇట్టివారిని 239 మందిని పరీక్షించి, కొందరికి ఆక్సిజనును, కొందరికి మామూలు గాలిని ముక్కు గొట్టము ద్వారా ఇచ్చి చూచిరి. 2010లో లాన్సెట్ పత్రిక ప్రకటించిన ఫలితము ప్రకారము ఉపశమనములో భేదము కానరాలేదు. ముఖమునకు విసనకఱ్ఱ గాలియు, వైద్యుడు మితముగా నిచ్చు మార్ఫీనును అట్టివారికి మేలు చేయగలవు. విసనకఱ్ఱకు అప్పు చేయనక్కరలేదు.

పైగా ఆక్సిజను ఒక ఔషధము. మోతాదు మీరిన హాని. బ్లియోమైసిను అను క్యాన్సరు మందు పొందినవారికి అధిక ఆక్సిజను ఊపిరితిత్తులను చెఱుపవచ్చును. సిలిండరున్న గదిలో బీడీ, దీపము, పొయ్యి ప్రమాదకరములు. అన్నిటికంటె ఘోరమైనది కాలయాపన. కీమోథెరపీ పొందుచున్న రోగికి 100.4 డిగ్రీల జ్వరము కనబడినచో గడియయైన తాళక ఆస్పత్రికి చేర్పవలయునే కాని, ఇంట సిలిండరు పెట్టుకొని తెల్లవారుదాక చూడరాదు.

మదనపల్లె చెంతనున్న ఆరోగ్యవరమున 1915లో క్షయ చికిత్సాలయము తెఱచినప్పుడు మంచిగాలి, విశ్రాంతి, ఆహారములే ముఖ్యావలంబములు. అవి రోగికి బలమిచ్చినవి. క్షయ క్రిమిని చంపుటకు మాత్రము స్ట్రెప్టోమైసిను మొదలగు మందులు రావలసి వచ్చినది. గాలికిని మందుకును గల ఈ భేదము మన సీమవారికి క్రొత్త గాదు.

ప్రభుత్వమువారిని మేము కోరునది స్వల్పము. నిమ్మనపల్లె వంటి ప్రతి మండల కేంద్రమునను రేయింబవళ్లు పనిచేయు ఆక్సిజను యంత్రము, కరెంటు పోయినప్పుడు దానిని నడుపు ఏర్పాటు, రక్తములోని ఆక్సిజనును కొలిచి పెద్దాస్పత్రికి పంపవలసినవారిని గుర్తింపగల నర్సు ఉండవలయును. యంత్రము వచ్చి, నడుపు మనిషి రానిచో ఫలమేమి?

ఇక మోసపు ప్రకటనల సంగతి. క్యాన్సరును నయము చేయుదుమని మందులకు ప్రకటనలిచ్చుటను 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టము నిషేధించుచున్నది. దాని పట్టికలో క్యాన్సరు పేరు స్పష్టముగా గలదు. అట్టి కరపత్రము మీ చేతికి వచ్చినచో చింపివేయకుడు. దొరికిన తేదీయు, చోటును దానిపై వ్రాసి, ఔషధ నియంత్రణాధికారులకు పంపు ఫిర్యాదుతో జతపరుపుడు.