మొక్కల లెక్క సరే, పిట్టల లెక్కేది?

వానలు మొదలవగానే పట్టణాల్లో ఒక అంకె ఊరేగుతుంది: ఈ ఏడాది ఇన్ని లక్షల మొక్కలు నాటాం. తెలంగాణలో 2015లో మొదలైన హరితహారం నాటి నుంచీ ఈ అంకెకు గిరాకీ పెరిగింది. ఆ ఊపులోనే డివైడర్ల మీద, పార్కుల ప్రహరీల వెంట కోనోకార్పస్ బారులు తీరింది. ఎండకు తట్టుకుంటుంది, పశువులు పెద్దగా ముట్టవు, నెలల్లోనే ఏపుగా పెరుగుతుంది. ఫొటోకు నిండుగా ఉంటుంది కూడా. తీరా పుప్పొడితో అలర్జీలని, వేళ్లు పైపుల్లోకి చొరబడుతున్నాయని ఫిర్యాదులొచ్చాక, 2022లో ప్రభుత్వమే దాన్ని ఇక నాటొద్దంది. లక్షల్లో నాటేటప్పుడు ఆ చెట్టు మీద ఏ పిట్ట వాలుతుంది, ఏ సీతాకోకచిలుక గుడ్లు పెడుతుంది అని అడిగినవాళ్లు తక్కువ.

అలా అడిగేవాళ్లు మరోచోట ఉన్నారు. ఆదివారం పొద్దున్నే బైనాక్యులర్లు మెడలో వేసుకుని చెరువుగట్ల మీద, యూనివర్సిటీ క్యాంపస్‌లలో, పార్కుల్లో తిరిగే ఈ జనాన్ని పనిలేనివాళ్లుగా చూడటం మనకు అలవాటు. నిజానికి హైదరాబాద్‌కు ఇది పాత పనే. నిజాం సంస్థానంలోని పక్షుల మీద సలీం అలీ 1931–32లోనే సర్వే చేశారు. 1980లో మొదలైన బర్డ్ వాచర్స్ సొసైటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్ ఇప్పుడు డెక్కన్ బర్డర్స్ పేరుతో నడుస్తోంది. 2025 ఫిబ్రవరిలో ఈ సంస్థా, హైదరాబాద్ బర్డింగ్ పాల్స్, డబ్ల్యూడబ్ల్యూఎఫ్ ఇండియా కలిసి నగరానికి పక్షుల అట్లాస్ తయారీ మొదలుపెట్టాయి. పద్ధతి తేలికే: నగరం మ్యాపును గడులుగా కోసుకోవడం, వాలంటీర్లు ఒక్కో గడిలోకి వెళ్లి కనిపించినవీ వినిపించినవీ రాసుకోవడం, అదే పని చలికాలంలో ఒకసారి, వేసవి దాటాక ఇంకోసారి చేయడం. కేరళలో 2015 నుంచి 2020 దాకా రాష్ట్రం మొత్తాన్నీ ఇలాగే జల్లెడ పట్టారు.

ఈ రాతల వల్ల ఒరిగేదేమిటి? పాలపిట్టనే తీసుకోండి. తెలంగాణ రాష్ట్ర పక్షి. దసరా నాడు దాన్ని చూస్తే శుభమని ఊరి చివరి పొలాల దాకా వెళ్తాం. పొలాల్లో కనిపించకపోతే పంజరంలో పెట్టి తెచ్చి చూపించి డబ్బులడిగేవాళ్లూ ఉన్నారు. చట్టం ఒప్పుకోకపోయినా ఈ తంతు ఆగలేదు. దేశవ్యాప్తంగా సుమారు 30 వేల మంది పక్షి ప్రేమికులు ఇచ్చిన మూడు కోట్ల నమోదుల ఆధారంగా 2023లో వచ్చిన ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదిక 942 జాతులను పరిశీలించింది. పాలపిట్ట గణనీయంగా తగ్గిపోతోందని, అంతర్జాతీయ ముప్పు జాబితాలో దాని స్థానాన్ని మళ్లీ పరిశీలించాలని చెప్పింది. కరెంటు తీగ మీద ఏదో ఒకటి కూర్చునే ఉంటుందిలే అనుకునే పక్షి అది. అటవీశాఖ లెక్కల్లో పులులకున్న చోటు దానికి లేదు. ఈ కబురు మనదాకా వచ్చిందంటే సెలవు రోజుల్లో నోట్‌బుక్కులు నింపినవాళ్ల చలవే.

రెండో ఉపయోగం కోర్టు మెట్ల దగ్గర కనిపిస్తుంది. 2025 ఉగాది సెలవుల్లో హైదరాబాద్‌లోని కంచ గచ్చిబౌలిలో చెట్లు కొట్టేయడానికి జేసీబీలు దిగినప్పుడు ప్రభుత్వ వాదన ఒక్కటే: ఈ 400 ఎకరాలు రికార్డుల్లో అడవి కాదు, రెవెన్యూ భూమి. కాగితం మీద ఆ మాట నిజమే కావచ్చు. కానీ పక్కనే ఉన్న హైదరాబాద్ విశ్వవిద్యాలయం విద్యార్థులు, పక్షి ప్రేమికులు ఏళ్ల తరబడి రాసుకున్న మరో రికార్డు ఉంది. క్యాంపస్‌తో కలిపి అక్కడ 200కు పైగా పక్షి జాతులు నమోదయ్యాయి. చుక్కల జింకలు, నెమళ్లు సరేసరి. పొక్లెయిన్ల వెలుతురులో నెమళ్ల అరుపులు వినిపించే వీడియోలు దేశమంతా తిరిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు చెట్ల నరికివేతను ఆపించింది. అప్పటికే సుమారు వంద ఎకరాలు నేలమట్టమైంది. వీడియోలు జనాన్ని కదిలించాయి. ఆ చోట ఏముండేదో చెప్పడానికి మాత్రం పాత జాబితాలే దిక్కయ్యాయి.

చేవెళ్ల మర్రిచెట్లదీ అలాంటి కథే. హైదరాబాద్–బీజాపూర్ రోడ్డు విస్తరణకు అడ్డొస్తున్నాయన్న మర్రులను స్వచ్ఛందంగా వెళ్లినవాళ్లు చెట్టు చెట్టునూ లెక్కించి, ఫొటో తీసి, ఎక్కడుందో గుర్తించి పెట్టుకున్నారు. జాతీయ హరిత ట్రిబ్యునల్ ముందు ‘ఏవో కొన్ని చెట్లు’ అని తేల్చెయ్యడం అప్పుడు కుదరలేదు.

అన్నిచోట్లా గెలుస్తామనుకుంటే పొరపాటే. హైదరాబాద్‌లో జనం అంగుళం అంగుళం ఎరిగిన అడవి కేబీఆర్ జాతీయ పార్కు. రోజూ ఎందరో దాని చుట్టూ నడుస్తారు, అక్కడి పక్షుల జాబితా ఎన్నడో తయారైంది. అయినా 2020 నోటిఫికేషన్‌లో దాని చుట్టూ పర్యావరణ సున్నిత మండలం వెడల్పు చోటును బట్టి 3 మీటర్లకు, మహా అయితే 30 మీటర్ల లోపుకు కుదించుకుపోయింది. అమీన్‌పూర్ చెరువు 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలమైంది. పట్టణంలోని చెరువుకు ఆ హోదా దక్కడం దేశంలో అదే మొదలు. హోదా ఇచ్చారు గానీ మురుగునీరు ఆగలేదు. రాజహంసల ఫొటోలూ, చచ్చి తేలిన చేపల ఫొటోలూ ఆ చెరువువే.

విశాఖపట్నంలో ఇదే పని సముద్రం ఒడ్డున నడుస్తోంది. పాటు వేళ నీరు వెనక్కి తగ్గగానే ఈస్ట్ కోస్ట్ కన్జర్వేషన్ టీమ్ వాళ్లు పిల్లల్నీ పెద్దల్నీ రాళ్ల మధ్యకి తీసుకెళ్తారు. మోకాలి లోతు కూడా లేని గుంటలో, గవ్వనే ఇల్లు చేసుకుని మోసుకుపోయే సన్యాసి పీత, వేలు ఆనిస్తే చటుక్కున ముడుచుకునే సీ అనిమోన్. బీచ్ అంటే ముంత మసాలా, సెల్ఫీ అనుకున్న పిల్ల అక్కడ అరగంట వంగిన నడుం ఎత్తదు. బీచ్ అభివృద్ధి అంటే టైల్స్, లైట్లు అనుకునేవాళ్లను ఒకసారి ఆ గుంట దగ్గరికి తీసుకెళ్లాలి.

ఈ కార్యక్రమాల్లో ఒక లోపం గురించి మాత్రం మొహమాటం లేకుండా మాట్లాడుకోవాలి. బైనాక్యులర్లు, కెమెరాలు, నమోదుకు వాడే ఇంగ్లిష్ యాప్, సొంత బండి ఉన్నవాళ్లే ఎక్కువగా వస్తారు. కాబట్టి నమోదులు కూడా వాళ్లు తిరిగే చోట్లే పోగుపడతాయి. పాతబస్తీ కుంటకో, నల్గొండలో ఊరవతలి బీడుకో వెళ్లి రాసేవాళ్లు ఎందరు? మ్యాపులో ఖాళీగా ఉన్న గడిని ‘అక్కడేమీ లేదు’ అని చదువుకోవడానికి లేఅవుట్ వేసేవాడు కాచుకుని ఉంటాడు. ఎవరూ చూడలేదన్నది ఒక సంగతి, ఏమీ లేదన్నది మరో సంగతి. అట్లాస్ గొప్పతనం ఇక్కడే ఉంది. అందమైన చెరువులతో పాటు ఎవరికీ పట్టని కాలనీ గడిలోకీ అది మనిషిని పంపుతుంది. తీతువునూ జెముడుకాకినీ పేరు పెట్టి పిలిచే గొర్రెల కాపరి చేత కూడా రాయించగలిగితే పని ఇంకా బాగుంటుంది.

దీనికి కొత్త చట్టం అక్కర్లేదు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, అది ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయాలి. హరిత ట్రిబ్యునల్ 2019లో గడువు పెట్టి, జరిమానా హెచ్చరిక చేశాక కాగితాలైతే కదిలాయి. హడావిడిగా నింపిన రిజిస్టర్ మున్సిపల్ బీరువాలో ఉంటే ప్రయోజనం లేదు. వార్డుల్లో వాలంటీర్లు రాస్తున్న జాబితాలను ఆ రిజిస్టర్‌లో చేర్చాలి, ఏడాదికోసారి సరిచూడాలి, లేఅవుట్‌కో ఫ్లైఓవర్‌కో అనుమతి ఇచ్చే ఫైలుకు ఆ పేజీ జతచేయాలి. మొదలుపెట్టడానికి ఒక వీలూ ఉంది: జనమే పక్షులను లెక్కించే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ ప్రతి ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరుగుతుంది, కనీసం పావుగంట చూసి రాస్తే చాలు. మున్సిపల్ కమిషనర్లు తమ వార్డు పార్కుల సిబ్బందిని ఆ నాలుగు రోజులూ ఈ పనిలో పెట్టి, వచ్చిన జాబితాను పార్కు గేటు దగ్గర, నాటిన మొక్కల సంఖ్య రాసిన బోర్డు పక్కనే పెట్టించవచ్చు.