బాలింతకు మనసు చెదిరితే

“మతి స్థిమితం లేని పిల్ల చేతికి పసివాణ్ణి ఎలా ఇస్తామండీ?” అని అడిగారు మా పొరుగింటి పెద్దావిడ. పురుడు వచ్చిన రెండో వారంలో ఆమె కోడలికి మనసు చెదిరింది. పసివాణ్ణి వేరే ఊరు పంపాలని ఇంట్లోవాళ్ళ ఆలోచన.

ఆ భయం కొట్టిపారేయదగ్గది కాదు. జబ్బు ఉధృతంగా ఉన్నప్పుడు తల్లీబిడ్డల్ని ఒంటరిగా వదలకూడదు. కాని కనిపెట్టి ఉండడం వేరు, విడదీయడం వేరు. బెంగుళూరు నిమ్హాన్స్‌లో ఇలాంటి తల్లుల్ని బిడ్డలతో సహా చేర్చుకునే వార్డు 2009లోనే వెలిసింది. ఆసుపత్రిలో చేరిన తల్లినుంచి మూడేళ్ళలోపు బిడ్డను మామూలుగా వేరు చేయరాదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతోంది. ప్రమాదముంటేనే తాత్కాలికంగా వేరుచేయాలి. ఆ అవసరం ఇంకా ఉందా అని 15 రోజులకోసారి చూడాలి.

ఇక ఇంట్లో మన వంతు. ఆమెకు రాత్రి నిద్ర మందుతో సమానం. బిడ్డ ఏడిస్తే భర్తో అత్తగారో లేవాలి. మందులు సొంతంగా మానకూడదు. పాలివ్వడం గురించి డాక్టరునే అడగాలి. కుదుటపడుతున్న కొద్దీ మీరు పక్కనుండి లాలపోయడం, జోకొట్టడం ఆమెచేతే చేయించండి. సలహాకు 14416కు ఫోను చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.

ఊహ తెలిసిన పెద్దపిల్లలుంటే, “అమ్మకు జబ్బు చేసింది, నీ అల్లరివల్ల కాదమ్మా” అని చెప్పండి. వాళ్ళు నోరు విడిచి అడగరు గాని, ఆ అనుమానంతోనే కుమిలిపోతారు.

బిడ్డను చూసుకోలేదని ఆ తల్లిని ఆక్షేపించేముందు, ఆమెను మనం ఎంత చూసుకున్నామో ఆలోచించుకుందాం.