తొలకరి పచ్చిక – ఈనిన ఆవు

విదేశీ పాఠ్యగ్రంథాలలో ఈనిన ఆవుల మేపు వసంతకాలపు పచ్చికతో మొదలవుతుంది. కర్నూలు, కడప జిల్లాలలో వసంతమంటే ఎండిన బీడు, ఖాళీ చేను. మనకు పచ్చిక వచ్చేది తొలకరితో. కావున ‘ఈనిన పశువును పచ్చికపై మేపండి’ అని శిక్షణ తరగతులలో చెప్పి ఊరుకోవడం సరికాదని నా అభిప్రాయం.

తొలకరి పచ్చిక కంటికి నిండుగా ఉంటుంది గాని, అందులో నూటికి 80 పాళ్లకు పైగా నీరే. 400 కిలోల పాడి ఆవుకు రోజుకు సుమారు 10 కిలోల ఎండు పదార్థం కావాలి. అది ఆ లేత గడ్డితోనే సమకూరాలంటే 50 కిలోలకు మించి మేయాలి. మన బీళ్లలో సాధ్యమా? ఈనిన 6-8 వారాలకే పాలు గరిష్ఠ స్థాయికి చేరుతాయి. మేత తినే శక్తి ఆ తరువాత గాని పుంజుకోదు. ఆ లోటు ఆవు ఒంటి కొవ్వు కరిగి తీరుతుంది. అటువంటి పశువును మైళ్ల కొద్దీ నడిపించడం నష్టమే. ఉదయం చొప్ప గాని వేరుశనగ కట్టె గాని పెట్టి, తరువాతే మేపుకు విడవాలి. పీచు తగ్గితే వెన్న శాతమూ తగ్గుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం నాము. వానకు చిగిర్చిన జొన్న మోళ్లలోను, బెట్టకు గిడసబారిన లేత జొన్నలోను హైడ్రోసయనిక్ ఆమ్లం ఎక్కువ. ఆకలిగొన్న ఆవు ఆ చేనిలో పడితే నిమిషాలలో కూలిపోవచ్చు. పూత దశకు ముందు జొన్నను మేపరాదన్నది మనందరికీ తెలిసినదే. చెప్పే వేళే తప్పుతున్నది. తొలి వాన పడిన వారంలోనే ఊరికి వెళ్లి చెప్పాలి, ఆగస్టు సదస్సులో కాదు. సోడియం నైట్రైట్, సోడియం థయోసల్ఫేట్ మందులు దగ్గరి పశువైద్యశాలలో ఉన్నాయో లేదో అంతకు ముందే విచారించుకోవాలి.