ముందు నిద్ర, ఆపై అడవి

వంద మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే మన దేశంలో బండి నడపడం నేరం. పోలీసులు ఆపుతారు, గొట్టంలో ఊదిస్తారు, కేసు రాస్తారు. డాసన్, రీడ్ అనే ఆస్ట్రేలియా పరిశోధకులు 1997లో ‘నేచర్’ పత్రికలో ఒక లెక్క ప్రచురించారు. 24 గంటలు నిద్ర లేకుండా ఉన్న మనిషి కంటికీ చేతికీ మధ్య పొందిక, రక్తంలో దాదాపు 100 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని తేల్చారు. అంటే మన చట్టం గీసిన గీతకు మూడు రెట్లు పైన. ఆ స్థితిలో ఉన్నవాడికి స్కూటర్ తాళం ఇవ్వని ప్రభుత్వమే, తన బోధనాసుపత్రుల్లో అంతకంటే ఎక్కువ సేపు మేలుకున్న వైద్యుడి చేతికి సిరంజీ, కుట్టు సూది ఇచ్చి రోగి దగ్గరకు పంపుతోంది.

వృత్తి భారంతో నలిగిన వైద్యులు మళ్లీ తేరుకోవడానికి అడవి నడకలు మేలు చేస్తాయన్న ఆలోచన పలు దేశాల్లో బలపడుతోంది. రెండు మూడు రోజులు కొండల్లోకో అడవుల్లోకో తీసుకెళ్లి, శిక్షణ పొందిన గైడ్ వెంట నెమ్మదిగా నడిపించే శిబిరాలివి. తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు కూడా తమ వైద్యుల కోసం ఈ ఏర్పాటు చేయాలా? చేయాలన్నదే మా నిశ్చితాభిప్రాయం. అయితే ఆ నడక డ్యూటీ రోస్టర్‌లో పని గంటలుగా నమోదు కావాలి. అంతకంటే ముందు, అదే రోస్టర్‌లో నిద్రకు చోటు దొరకాలి. ఈ వరుస తారుమారైతే అడవి నడక మరో ప్రచార కార్యక్రమంగా మిగులుతుంది.

బర్నవుట్ వైద్యుడి బలహీనత కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దాన్ని నిర్వచించినప్పుడు వ్యాధిగా వర్గీకరించలేదు. పనిచేసే చోట ఎడతెగని ఒత్తిడిని సరిగా పట్టించుకోకపోవడం వల్ల పుట్టే స్థితిగా పేర్కొంది. శక్తి పూర్తిగా ఉడిగిపోవడం, చేసే పని మీద విరక్తి పెరగడం, ఏం చేసినా ఫలితం లేదనిపించడం... ఈ మూడూ దాని లక్షణాలు. రోగి పేరు మరచిపోయి మంచం నంబరుతో పిలవడం, బంధువులు రెండోసారి అడిగితే కసురుకోవడం, ఒకప్పుడు ఇష్టపడి ఎంచుకున్న కోర్సును తిట్టుకోవడం వార్డుల్లో నిత్యం కనిపించే దృశ్యాలే. సమస్య పుట్టింది పనిచోట కాబట్టి చికిత్స కూడా అక్కడే మొదలవ్వాలి.

పెద్దాసుపత్రిలో ఒక పీజీ వైద్యుడికి అడ్మిషన్ డే, అంటే కొత్త రోగులను చేర్చుకునే రోజు, ఎలా గడుస్తుందో చూస్తే విషయం బోధపడుతుంది. ఉదయం వార్డు పని, ఓపీ. మధ్యాహ్నం నుంచి క్యాజువాలిటీ పంపే కేసులు. రాత్రంతా కేస్‌షీట్లు, శాంపిళ్లు, మంచాలు చాలక బంధువులతో వాదనలు. తెల్లారితే యూనిట్ చీఫ్ రౌండ్లు, ఆ వెంటనే థియేటరో ఓపీనో. అలా 36 గంటలు గడిచిపోతాయి. డ్యూటీ తర్వాత ఇవ్వాల్సిన విశ్రాంతి (పోస్ట్ డ్యూటీ ఆఫ్) కాగితానికే పరిమితమైన యూనిట్లు ఉన్నాయి. ఆ మాటెత్తితే పెద్దలు కళ్లెర్రజేసే యూనిట్లూ ఉన్నాయి. థీసిస్ మీద సంతకం పెట్టేది వారే, పరీక్ష మార్కులూ వారి చేతిలోనే. అందుకే జూనియర్లకు నోరు పెగలదు.

దీన్ని సరిదిద్దడానికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. సుప్రీంకోర్టు ఆదేశం దరిమిలా 1992లోనే కేంద్ర ఆరోగ్య శాఖ రెసిడెన్సీ విధానం ప్రకటించింది. ఏకబిగిన 12 గంటలకు మించి డ్యూటీ వేయరాదని, వారానికి సాధారణంగా 48 గంటలే పని ఉండాలని అందులో స్పష్టంగా ఉంది. మూడు దశాబ్దాలు దాటినా అది వార్డు గడప తొక్కలేదు. జాతీయ వైద్య కమిషన్ 2023లో తెచ్చిన పీజీ నిబంధనలు ‘సహేతుకమైన పని గంటలు’ అని చెప్పి ఊరుకున్నాయి. అంకె లేని నిబంధనను ఎవరు ఉల్లంఘించినట్టు? అదే కమిషన్ నియమించిన టాస్క్‌ఫోర్స్ 2024 నివేదికలో వారానికి 74 గంటలు మించరాదని, ఒక రోజు సెలవు తప్పనిసరి అని సిఫార్సు చేసింది. తాము సర్వే చేసిన పీజీల్లో దాదాపు 31 శాతం మందికి ఆత్మహత్య ఆలోచనలు వచ్చినట్టు ఆ నివేదికే చెప్పింది. ఇంత కఠోర సత్యం బయటపడ్డాక కూడా 1992 నాటి 48 నుంచి 74కు వెనక్కి జరగడమే సంస్కరణగా చెలామణీ అవుతోంది.

విశ్రాంతికి గది లేకపోవడం కూడా ప్రాణం మీదకు తెస్తుంది. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆర్‌జీ కర్ ఆస్పత్రిలో హత్యాచారానికి బలైన యువ వైద్యురాలు, సుదీర్ఘ డ్యూటీ మధ్యలో కాసేపు నడుం వాల్చడానికి సెమినార్ హాలుకు వెళ్లింది. అదే ఏడాది జూన్‌లోనే తెలంగాణ జూనియర్ డాక్టర్లు (జూడాలు) సమ్మెకు దిగారు. స్టైపెండ్ నెలనెలా అందాలని, ఉస్మానియా ఆస్పత్రికి కొత్త భవనం కట్టాలని, ఆస్పత్రుల్లో భద్రత పెంచాలని అడిగారు. వారు కోరింది కనీస అవసరాలనే. వాటిని పక్కనపెట్టి ‘మీకు మానసికోల్లాసం కలిగిస్తాం, బస్సెక్కండి’ అంటే వారికి వెటకారంలా వినిపిస్తుంది.

అలాగని అడవి నడకను వేళాకోళం చేయడమూ తగదు. జపాన్ వ్యవసాయ, అటవీ మంత్రిత్వ శాఖ 1982లోనే ‘షిన్రిన్ యోకు’ పేరిట అడవిలో సేదతీరే విధానాన్ని ప్రజల ముందు పెట్టింది. మన దేశంలో ఉత్తరాఖండ్ అటవీ శాఖ 2021లో రాణీఖేత్ దగ్గర పైన్ చెట్ల మధ్య అటువంటి కేంద్రాన్ని తెరిచింది. స్టాన్‌ఫర్డ్ పరిశోధకుల 2015 అధ్యయనంలో 90 నిమిషాలు పచ్చదనం మధ్య నడిచినవారికి, రద్దీ రోడ్డు పక్కన నడిచినవారితో పోలిస్తే, చేదు తలపులను పదేపదే తవ్వుకునే గుణం తగ్గింది. ఇంగ్లండ్‌లో దాదాపు 20 వేల మంది వివరాలతో 2019లో వెలువడిన పరిశోధన, వారానికి కనీసం 120 నిమిషాలు ప్రకృతిలో గడిపేవారు తమ ఆరోగ్యం బాగుందని చెప్పే అవకాశం ఎక్కువని తేల్చింది. స్టాన్‌ఫర్డ్‌ది 38 మందితో చేసిన చిన్న ప్రయోగం. ఇంగ్లండ్‌ది సంబంధాన్ని చూపుతుందే తప్ప కారణాన్ని రుజువు చేయదు. ఈ పరిమితులు ఒప్పుకుంటూనే, ఖర్చూ ప్రమాదమూ ఇంత తక్కువగా ఉన్న మార్గాన్ని ప్రయత్నించకపోవడం అవివేకమని మా వాదన.

అడవి నడక ట్రెక్కింగ్ పోటీ కాదు. రెండు మూడు గంటల్లో నడిచేది రెండు మూడు కిలోమీటర్లే. పది మందికి మించని బృందం, ఫోన్లు సంచిలో. గైడ్ ఒకచోట ఆగమంటాడు, వినమంటాడు, ఆకు ముట్టుకోమంటాడు. ఉపన్యాసాలుండవు. వైద్యుడి రోజంతా మానిటర్లు, రిపోర్టులు, మోతాదుల మీద బలవంతంగా నిలిపిన ఏకాగ్రతతో గడుస్తుంది. అడవిలో ఆ బలవంతం ఉండదు. చూపు దానంతటదే ఒకదాని నుంచి మరోదానికి వెళుతుంది. అప్పుడే అలసిన ఏకాగ్రత కోలుకుంటుందని మనస్తత్వవేత్తలు రేచల్, స్టీఫెన్ కప్లాన్ దంపతులు 1989లోనే సిద్ధాంతీకరించారు. మరో లాభం కూడా ఉంది. తన చేతుల్లో పోయిన రోగి గురించి ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే చెప్పలేని వైద్యుడు, పక్కపక్కన నడుస్తున్న సహోద్యోగితో చెప్పగలుగుతాడు. మన ఆస్పత్రుల్లో మరణాల సమీక్షలకు సమావేశాలుంటాయి. ఆ మరణం మోసిన మనిషితో మాట్లాడటానికి మాత్రం ఏ ఏర్పాటూ లేదు.

‘రోగులు వరండాల్లో పడుంటే వైద్యులకు షికార్లా?’ అన్న ప్రశ్న తప్పక వస్తుంది. దీనికి జవాబు రోగి వైపు నుంచే చెప్పాలి. బోస్టన్‌లోని ఒక ఆస్పత్రి ఐసీయూల్లో చేసిన అధ్యయనం 2004లో న్యూఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. 24 గంటలు మించే షిఫ్టులు తీసేసినప్పటితో పోలిస్తే, పాత పద్ధతిలో పనిచేసినప్పుడు ఇంటర్న్‌లు చేసిన తీవ్రమైన పొరపాట్లు దాదాపు 36 శాతం ఎక్కువ. అలసిన వైద్యుడు వార్డులో ఉన్నంత మాత్రాన రోగికి వైద్యం అందుతున్నట్టు కాదు. షిఫ్టు మారేటప్పుడు రోగి వివరాలు చేతులు మారతాయి, అక్కడా తప్పు జరగవచ్చన్న అభ్యంతరంలో నిజముంది. దానికి పరిష్కారం రాతపూర్వకంగా, వైద్యులిద్దరూ రోగి మంచం దగ్గర నిలబడి చేసే హ్యాండోవర్. ఒకే మనిషిని పడిపోయేదాకా నిలబెట్టడం కాదు.

‘మా రోజుల్లో మేమూ ఇలాగే చదివాం’ అనే సీనియర్లకూ ఒక మాట. రాత్రింబవళ్లు ఆస్పత్రిలోనే ఉండే రెసిడెన్సీ పద్ధతిని పంతొమ్మిదో శతాబ్ది చివర అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రి సర్జన్ విలియం హాల్‌స్టెడ్ రూపుదిద్దారు. గొప్ప శస్త్రవైద్యుడే. కానీ కొకైన్‌కూ, ఆపై మార్ఫిన్‌కూ బానిసైన మనిషి. ఆయన నెలకొల్పిన ఓర్పు ప్రమాణాన్ని ఇవాళ్టి పిల్లలకు ధర్మశాస్త్రంలా చదివి వినిపించడం న్యాయమా? ఆ అమెరికాయే 2003 నుంచి వారానికి 80 గంటల పరిమితి పెట్టుకుంది. యూరప్ 48 గంటలకు దించింది.

పని గంటలకు పరిమితి లేని చోట విహారం ఎంత గొప్పదైనా చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే. బర్నవుట్ నివారణ చర్యలన్నిటినీ మదింపు వేసి మాంచెస్టర్ పరిశోధకులు 2017లో ప్రచురించిన సమీక్ష కూడా, వైద్యుడికి వ్యక్తిగతంగా ఇచ్చే శిక్షణల కంటే ఆస్పత్రి పనితీరును మార్చే చర్యలే ఎక్కువ ఫలితమిచ్చాయని చెప్పింది. అందుకే ప్రభుత్వాల ముందు మా డిమాండ్లను ఈ వరుసలో పెడుతున్నాం.

మొదటిది, 12 గంటల పరిమితిని, పోస్ట్ డ్యూటీ ఆఫ్‌ను అంకెలతో సహా జీవోగా ఇవ్వాలి. ప్రతి యూనిట్ రోస్టర్‌ను, ఎవరు ఎన్ని గంటలు పనిచేశారో తెలిపే నెలవారీ లెక్కను వైద్య విద్య సంచాలకుల వెబ్‌సైట్‌లో పెట్టాలి. ఉల్లంఘనకు యూనిట్ చీఫ్, సూపరింటెండెంట్ జవాబుదారీ కావాలి. ఖాళీ పోస్టులు నింపకుండా ఇది సాధ్యం కాదన్నది ప్రభుత్వాలకు తెలుసు. కాబట్టి నింపాలి.

రెండోది, ఈ నిబంధన అమలైన ఆస్పత్రుల్లో ఆరు నెలలకోసారి రెండు రోజుల అడవి నడక శిబిరం ఉండాలి. దాన్ని ఆన్ డ్యూటీగా పరిగణించాలి. క్యాజువల్ లీవులోంచి కోయకూడదు. హాజరు ఐచ్ఛికమే. ఫొటోలు, బ్యానర్లు, మంత్రుల ప్రసంగాలు నిషేధం. వార్డులో రాత్రిళ్లు వైద్యులతో సమానంగా నలిగే నర్సులకూ ఇదే హక్కు ఉండాలి.

మూడోది, ఏడాదికి రెండు శిబిరాలతో సరిపెట్టకుండా వారానికి రెండు గంటలు దగ్గర్లోని పచ్చదనంలో గడిపే వీలు రోస్టర్‌లో కల్పించాలి. నిమ్స్, ఉస్మానియా వైద్యులకు కేబీఆర్ పార్కు ఉంది. విశాఖ కేజీహెచ్ వారికి కంబాలకొండ, కాకినాడ జీజీహెచ్ వారికి కోరింగ మడ అడవుల్లోని చెక్కబాట, తిరుపతి రుయా, స్విమ్స్ వారికి శేషాచలం ఉన్నాయి. రిసార్టులతో పనిలేదు. పెద్ద శిబిరాలకు మారేడుమిల్లి, నల్లమలలోని బైర్లూటి, మన్ననూరు వంటిచోట్ల అటవీ శాఖ ఏర్పాట్లు ఇప్పటికే ఉన్నాయి. గైడ్లుగా స్థానిక చెంచులను, గిరిజన యువతను తీసుకుని, శిక్షణ, గౌరవప్రదమైన వేతనం ఇవ్వాలి. ఆ అడవిని వారికంటే బాగా ఎరిగినవారు లేరు.

నాలుగోది గోప్యత. శిబిరంలో వైద్యుడు చెప్పుకున్న బాధ హెచ్‌ఓడీ చెవిన పడకూడదు, సర్వీసు రికార్డుకెక్కకూడదు. బ్రిటన్‌లో వైద్యుల కోసం 2008లో మొదలైన రహస్య మానసిక ఆరోగ్య సేవ ఇందుకు నమూనా. కుంగుబాటు ముదిరినవారికి నడక మందు కాదన్నది గైడ్లకూ నిర్వాహకులకూ స్పష్టంగా తెలియాలి. అటువంటివారిని వెంటనే సైకియాట్రిస్ట్ దగ్గరకు చేర్చే ఏర్పాటు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ‘టెలి మానస్’ 14416 నంబరు అందరి దగ్గరా ఉండాలి.

కార్పొరేట్ ఆస్పత్రులకూ ఇదే కొలమానం. కన్సల్టెంట్ల మీద టార్గెట్లు రుద్దుతూ ఏడాదికోసారి రిసార్టుకు తీసుకెళ్లి ‘వెల్‌నెస్’ అనిపించుకునే యాజమాన్యాలు ముందు ఆ టార్గెట్లు ఎత్తేయాలి.

ఒక్కో రాష్ట్రంలో ఒక్కో బోధనాసుపత్రిలో ఏడాదిపాటు దీన్ని అమలు చేసి, పొరపాట్లు, సెలవులు, రాజీనామాలు ఎంత తగ్గాయో ఆస్పత్రితో సంబంధం లేని నిపుణులతో లెక్కగట్టించి ప్రజల ముందు పెట్టాలి. ఫలితం లేకపోతే నడకను ఆపేయవచ్చు. 12 గంటల పరిమితిని మాత్రం ఆపే హక్కు ఎవరికీ లేదు. అది వైద్యులకు ఇచ్చే వరం కాదు, రోగికి ప్రభుత్వం బాకీపడిన భద్రత. రోస్టర్ మార్చకుండా బస్సు పంపితే, దాన్ని ఎక్కేది లేదని జూడాలు తెగేసి చెప్పాలి. ఆ మాటకు ఈ పత్రిక వారి పక్షాన నిలుస్తుంది.